ఏళ్లుగా కదలని అంబాసిడర్‌కి బ్రేకులు మళ్లీ తెప్పించడం: సమగ్ర మార్గదర్శి

మా నాన్నగారి అంబాసిడర్ 1971 నాటిది, మార్క్ 2. రాజమండ్రిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పన్నెండేళ్లు కదలకుండా ఉండిపోయింది. దాన్ని బయటికి తీస్తున్నామంటే చుట్టాలు, ఇరుగుపొరుగు అందరూ అడిగింది ఒకటే ప్రశ్న, "ఇంజిన్ స్టార్టవుతుందా?" అని. అయింది. కొత్త బ్యాటరీ పెట్టి, ట్యాంకు కడిగి, కార్బ్యురేటర్ విప్పి శుభ్రం చేస్తే రెండో రోజు సాయంత్రానికల్లా పలికింది. ఆ సంబరంలో బ్రేకు పెడల్ తొక్కి చూశాను. గట్టిగానే తగిలింది. పిలిపించిన మెకానిక్ పాత ఆయిల్ మీదే కొంచెం కొత్తది పోసి, నాలుగు చక్రాల బ్రేకు గొట్టాల్లోని గాలి తీసి, "ఏం ఫర్వాలేదు సార్, తిప్పండి" అన్నాడు. వీధి చివరిదాకా వెళ్లి వచ్చేసరికి కుడివైపు ముందు చక్రం నుంచి పొగ. పెడల్ మీద నుంచి కాలు తీసి అయిదు నిమిషాలైనా ఆ చక్రం బ్రేకు వదలలేదు.

ఆ రాత్రి ఆ చక్రం దగ్గరి రబ్బరు గొట్టాన్ని విప్పి, బ్లేడుతో నిలువునా చీల్చి చూశాను. పైన నల్లగా, బిరుసుగా, చూడ్డానికి బాగానే ఉంది. లోపల మాత్రం రబ్బరు ఉబ్బి, దారి గుండుసూది పట్టేంత సన్నమైపోయింది. కాలి బలానికి ఆయిల్ ఆ సందులోంచి చక్రం వైపు దూరగలిగింది. తిరిగి రావడానికి దాన్ని తోసేది షూల (చక్రాన్ని లోపలినుంచి ఒరుసుకుని ఆపే వంపు ముక్కల) స్ప్రింగు ఒక్కటే, ఆ బలం చాలలేదు. పెడల్ గట్టిగా ఉండడం, బ్రేకులు బాగుండడం రెండూ ఒకటేనని అప్పటిదాకా నమ్మాను. ఆ నమ్మకంతో ధవళేశ్వరం రోడ్డెక్కి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోవాలనిపించదు.

అందుకే ఈ పని వరస మార్చమంటాను. షెడ్డులోంచి తీసిన పాత బండికి ఇంజిన్ పని రెండోది. బ్రేకులు మొదటివి. అవి కూడా పైపైన కాకుండా, రబ్బరన్నది ప్రతి ముక్కా మార్చి, ఇనుమన్నది ప్రతి ముక్కా విప్పి చూశాకే. ఇక్కడ రాసేది అంబాసిడర్‌ని దృష్టిలో పెట్టుకుని. నాలుగు చక్రాలకూ డ్రమ్ము (చక్రంతోపాటు తిరిగే ఇనుప గిన్నె, షూలు ఒరుసుకునేది దీని లోపలి గోడకే) బ్రేకులున్న ప్రీమియర్ పద్మినికీ, ఆ కాలపు మిగతా బండ్లకూ కూడా పద్ధతి చాలావరకు ఇదే.

ఆగి ఉన్న బండిలో ఏం జరుగుతుంది

బ్రేకు ఆయిల్ అని మనం పిలిచేది నిజానికి నూనె కాదు. డాట్ 3, డాట్ 4 అని సీసా మీద ఉండేవి గ్లైకాల్ రకం ద్రవాలు. వాటికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఉప్పు డబ్బా మూత తీసిపెడితే వానాకాలంలో ఏమవుతుందో తెలుసు కదా, అలాంటిదే. ఆయిల్ డబ్బా మూతకుండే గాలి రంధ్రం గుండా, రబ్బరు గొట్టాల గోడల గుండా కూడా తేమ లోపలికి చేరుతుంది. గోదావరి ఒడ్డున, సముద్రం దగ్గర ఉన్న ఊళ్లలో గాలిలో తేమకు కొదవ లేదు.

ఆ నీటివల్ల రెండు నష్టాలు. మొదటిది మరిగే వేడి తగ్గిపోవడం. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరితే దాని ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డ్రమ్ములు కాలి, ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ ఒక్కసారిగా నేలకు దిగిపోతుంది. ద్రవం నలగదు కాబట్టే కాలి ఒత్తిడి చక్రందాకా వెళ్తోంది. ఆవిరి నలుగుతుంది.

రెండో నష్టం తుప్పు. బండి కదలనప్పుడు, చక్రం దగ్గర షూలను తోసే వీల్ సిలిండర్‌లో పిస్టన్ ఏళ్ల తరబడి ఒకే చోట నిలబడి ఉంటుంది. నీరు అడుగున చేరి ఆ చోటే ఇనుమును తింటుంది. సిలిండర్ గోడ మీద చిన్న చిన్న గుంతలు పడతాయి. ఆయిల్ కారకుండా పిస్టన్ దగ్గర ఆపే రబ్బరు కప్పు ఆ గుంతల మీద నడిచినప్పుడల్లా అంచు చిరుగుతుంది. కొత్త రబ్బర్లు వేసిన నెలకే మళ్లీ కారుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. రోజూ తిరిగే బండి కన్నా ఆగి ఉన్న బండి బ్రేకులే త్వరగా పాడవుతాయనడం విచిత్రంగా ఉంటుంది గానీ నిజం.

ఇంకో సంగతి మనసులో పెట్టుకోవాలి. ఆ కాలపు బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే ఆయిల్ దారి. ఇప్పటి కార్లలో ఒక దారి తెగితే రెండోది కొంతైనా ఆపుతుంది. వీటిలో ఎక్కడ ఒక్క గొట్టం తెగినా నాలుగు బ్రేకులూ పోతాయి. మిగిలేది చేతి బ్రేకు ఒక్కటే.

ముందు సమకూర్చుకోవలసినవి

జాకీ, దానితోపాటు నాలుగు గట్టి స్టాండ్లు. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి తల పెట్టడం అనే ఆలోచనే వద్దు. ఇటుకలు కూడా వద్దు, అవి ఒక్కసారిగా పగులుతాయి. చక్రాలకు అడ్డం పెట్టే చెక్కలు, కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్, మాస్కు. పైపు నట్లు విప్పడానికి, నట్టును దాదాపు చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ పానా ఒకటి కొనండి. మామూలు పానాతో ప్రయత్నిస్తే ఏళ్లనాటి నట్టు మూలలు అరిగిపోయి, ఒక గంట పని ఒక రోజు పని అవుతుంది. ఆయిల్ పట్టడానికి గాజు సీసా, దానికి సరిపోయే పారదర్శకమైన సన్న గొట్టం.

సామాన్లలో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు తోసేది) కిట్టు, అన్ని వీల్ సిలిండర్ల కిట్లు, రబ్బరు గొట్టాలు మొత్తం, కొత్త రాగి వాషర్లు, షూల స్ప్రింగులు, ఒక లీటరు బ్రేకు ఆయిల్. అంబాసిడర్ 2014 దాకా ఉత్తర్‌పారాలో తయారైంది కాబట్టి సామాను ఇంకా దొరుకుతోంది. విజయవాడ ఆటోనగర్‌లోనూ, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనూ పాత షాపుల్లో అడగండి. వెళ్లేటప్పుడు పాత ముక్క చేత్తో పట్టుకెళ్లండి. అంబాసిడర్ పుట్టుక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి, మరలు అంగుళాల లెక్క. పద్మిని ఫియట్ 1100 సంతానం, మరలు మిల్లీమీటర్ల లెక్క. ఒకదాని నట్టు రెండోదానికి రెండు చుట్లు తిరిగి బిగిసినట్టే అనిపిస్తుంది. ఆ రెండు చుట్ల మీద మీ ప్రాణం ఆధారపడి ఉంటుంది.

రబ్బరు సామాను కొనేటప్పుడు ప్యాకెట్ మీద తయారైన ఏడు చూడండి. షాపు అటకమీద ఇరవయ్యేళ్లు పడి ఉన్న కొత్త గొట్టం కూడా పాతదే.

మొదటి మెట్టు: చక్రాలు విప్పడం, డ్రమ్ములు తీయడం

చదునైన గచ్చు మీద బండి పెట్టి, చక్రాల నట్లు నేలమీద ఉండగానే కాస్త వదులు చేయండి. లేపి, స్టాండ్ల మీద దించి, చేత్తో అటూ ఇటూ ఊపి చూశాకే చక్రాలు ఊడదీయండి. వెనక చక్రాలు విప్పే ముందు చేతి బ్రేకు వదిలి ఉండాలి.

డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదకండి. పోత ఇనుము, పగులుతుంది. ముందు అడ్జస్టర్ (షూలకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీని సరిచేసేది) వెనక్కి తిప్పి షూలు వదులు చేయండి. కొన్ని బండ్లకు వెనక ప్లేటు మీద నలుచదరపు తల ఉంటుంది. కొన్నింటికి డ్రమ్ములోని రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి. డ్రమ్మును పట్టి ఉంచే చిన్న స్క్రూలుంటే వాటికి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ వేసి ఉంచండి. తర్వాత చెక్క సుత్తితో చుట్టూ తడుతూ, రెండు చేతులతో లాగుతూ పోతే వస్తుంది. మా బండి ఎడమ వెనక డ్రమ్ము రావడానికి రెండు రోజులు పట్టింది. తొందరపడనందుకే అది ఇంకా బండి మీదే ఉంది.

లోపల నల్లటి దుమ్ము ఉంటుంది. దాన్ని నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలి అసలు కొట్టొద్దు. పాత లైనింగుల్లో (షూ మీద ఉండి డ్రమ్ముకు ఒరుసుకునే పొరల్లో) ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ పోగులు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తిరిగి రావు, ఎన్నో ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు. మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ప్లాస్టిక్ సంచిలో కట్టి పారేయండి. ఆ సమయంలో పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

షూలు విప్పే ముందు ప్రతి చక్రాన్నీ ఫోన్‌తో ఫొటో తీయండి. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలో ఉందో, ఏ షూ ఏ వైపు తిరిగి ఉందో గుర్తుంటుందనుకుంటాం, ఉండదు. ఒకసారి ఒక చక్రమే విప్పండి. రెండోది నమూనాగా మిగులుతుంది.

రెండో మెట్టు: వీల్ సిలిండర్లు

అసలు పనంతా ఇక్కడే. తొందర వద్దు.

అంబాసిడర్ లాంటి బండ్లకు ముందు చక్రంలో సాధారణంగా రెండు సిలిండర్లు ఉంటాయి, ఒక్కో షూకి ఒకటి. వెనక ఒకటే. ముందుగా ప్రతి సిలిండర్ చివరి రబ్బరు టోపీని వేలితో ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉండాలి. తడి కనిపించినా, తేనె రంగు జిగురు కనిపించినా అది కారుతున్నట్టే. మా బండిలో ఒకదాంట్లో అరిసెల పాకంలా ముదిరిపోయిన పదార్థం వేలికి అంటుకుని సాగింది. అది ఒకప్పటి బ్రేకు ఆయిలే.

పిస్టన్ బిగుసుకుపోయి ఉంటే, సిలిండర్ విప్పక ముందే పెడల్ నెమ్మదిగా తొక్కి ఆయిల్ ఒత్తిడితోనే బయటికి తోయించడం అన్నిటికన్నా సురక్షితం. విప్పేశాక గాలి వాడాల్సి వస్తే ఒత్తిడి బాగా తగ్గించి, సిలిండర్‌ను గుడ్డలో చుట్టి, నోరు గోడవైపు తిప్పి పట్టుకోండి. పిస్టన్ తూటాలా వస్తుంది.

సిలిండర్ లోపల శుభ్రం చేయడానికి బ్రేక్ క్లీనర్ గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ కొత్త బ్రేకు ఆయిల్ గానీ మాత్రమే వాడాలి. పెట్రోలు, కిరోసిన్, డీజిల్, ఇంజిన్ ఆయిల్ ఏవీ తగలకూడదు. మన షెడ్డుల్లో అన్నిటినీ పెట్రోలులో కడిగే అలవాటుంది. బ్రేకు రబ్బరుకు పెట్రోలియం నూనె చుక్క తగిలినా ఉబ్బి మెత్తబడిపోతుంది. ఉబ్బిన కప్పు సిలిండర్‌లో ఇరుక్కుంటుంది, బ్రేకు వదలదు.

శుభ్రమయ్యాక టార్చి వేసి గోడ చూడండి. మరకలు మాత్రమే ఉంటే 600 నంబరు వాటర్ పేపర్‌ని (తడిపి వాడే ఇసుక కాగితాన్ని) బ్రేకు ఆయిల్‌లో తడిపి, వేలికి చుట్టి గుండ్రంగా తిప్పుతూ రుద్దితే పోతాయి. తర్వాత గోరుతో గోడమీద గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ గుంత లోతైనదే. కాగితంతో అరగదీసి దాన్ని మాయం చేద్దామని చూస్తే సిలిండర్ వ్యాసం పెరిగి కప్పు వదులవుతుంది. అప్పుడు రెండే దారులు: కొత్త సిలిండర్ కొనడం, లేదా మంచి లేత్ షాపులో లోపల ఇత్తడి లేక స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్ (తొడుగు) వేయించడం. సామాను దొరకని అరుదైన బండ్లకు స్లీవే దిక్కు. పైగా ఇత్తడి తుప్పు పట్టదు. అంబాసిడర్‌కి మాత్రం కొత్త సిలిండర్ దొరుకుతున్నంత కాలం కొత్తదే వేయమంటాను.

బిగించేటప్పుడు కప్పులకు కొత్త బ్రేకు ఆయిల్ రాయండి. బయటి రబ్బరు టోపీల లోపల ఎర్ర రబ్బరు గ్రీజు పలచగా పూస్తే తేమ చేరదు. ఈ ఎర్ర గ్రీజు ఆముదం ఆధారంగా చేసేది. తొలినాళ్ల బ్రేకు ఆయిల్ కూడా ఆముదంలో ఆల్కహాల్ కలిపి తయారు చేసిందే. పాలమూరు, నల్గొండ మెట్ట చేలల్లో పండే ఆముదానికి ఈ చరిత్ర ఉందని తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. అలాగని ఇంట్లో ఆముదం సీసా తెచ్చి రాయకండి. అది శుద్ధిచేసిన గ్రీజు, ఇది వంటింటి నూనె.

కప్పు పెదవి ఎప్పుడూ ఆయిల్ ఉన్న వైపుకే తిరిగి ఉండాలి. తిరగబడితే ఒత్తిడి పట్టదు. దూర్చేటప్పుడు పెదవి మడత పడకుండా వేలికొనతో చుట్టూ సర్దుతూ తోయండి. స్క్రూడ్రైవర్ వాడొద్దు.

మూడో మెట్టు: రబ్బరు గొట్టాలు, ఇనుప పైపులు

రబ్బరు గొట్టాల విషయంలో చూడ్డం, ఆలోచించడం ఏమీ లేదు. ఎన్ని ఉంటే అన్నీ మార్చండి. ముందు చక్రాలకు చెరొకటి, వెనక యాక్సిల్‌కి (ఇరుసుకు) ఒకటి. వెనకది కనిపించదు కాబట్టి దాన్ని మరిచిపోతారు. బిగించాక స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, గొట్టం టైరుకు గానీ ఇనుముకు గానీ రాసుకోకుండా, మెలిపడకుండా ఉందో చూడండి.

ఇనుప పైపులు పైన మట్టి పట్టి బాగానే కనిపిస్తాయి. క్లిప్పుల కింద, వంపుల్లో, మట్టి నిలిచే చోట తుప్పు దాక్కుంటుంది. క్లిప్పు విప్పి, ఆ చోట ఇసుక కాగితంతో తేలిగ్గా రుద్దండి. మెరిసే ఇనుము వస్తే మంచిదే. పొరలు ఊడుతుంటే, గుంతలు కనబడితే ఆ పైపు మొత్తం మార్చాలి, అతుకులు పనికిరావు. మామూలు రాగి పైపు వేస్తామంటారు కొందరు. ఒప్పుకోకండి. కంపనాలకు రాగి గట్టిపడి, చిట్లుతుంది. ఇనుప బ్రేకు పైపు గానీ రాగి, నికెల్ కలిపిన పైపు గానీ వేయాలి. పైపు చివర మడిచే ఫ్లేర్‌లోనూ రకాలున్నాయి. పాత పైపు ఎలా మడిచి ఉందో కొత్తది అచ్చం అలాగే ఉండాలి. ఫ్లేర్ మడవక ముందు నట్టు పైపులోకి ఎక్కించారో లేదో చూసుకోండి. ఈ పొరపాటు చేయనివాళ్లు తక్కువ.

చాలా పాత బండ్లలో బ్రేకు లైటు స్విచ్ కూడా ఆయిల్ ఒత్తిడితో పనిచేసేదే, పైపుల మధ్యలో ఎక్కడో ఉంటుంది. అది కూడా కారుతుంది. వైరు కనెక్టర్ తీసి లోపల తడి ఉందేమో చూడండి, ఉంటే మార్చండి.

నాలుగో మెట్టు: మాస్టర్ సిలిండర్

విప్పడం, శుభ్రం చేయడం, గోరు పరీక్ష అన్నీ వీల్ సిలిండర్ లాగానే. అదనంగా రెండు విషయాలు.

ఒకటి, రిజర్వాయర్ (ఆయిల్ పోసే డబ్బా) అడుగున సిలిండర్‌లోకి దిగే రంధ్రాలు. అందులో ఒకటి చాలా సన్నది. వేడికి వ్యాకోచించిన ఆయిల్ తిరిగి పైకి రావడానికి అదే దారి. పాత ఆయిల్ గడ్డకట్టి అది పూడుకుపోతే, కాసేపు నడిపాక నాలుగు చక్రాలూ వాటంతట అవే పట్టేస్తాయి. ఒక సన్నని రాగి తీగ పోగుతో దాన్ని శుభ్రం చేయండి. డ్రిల్లుతో పెద్దది చేయకూడదు.

రెండు, పెడల్‌కీ పిస్టన్‌కీ మధ్య ఉండే పుష్ రాడ్. కాలు తీశాక రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య కొంచెం ఖాళీ, సుమారు ఒక మిల్లీమీటరు, ఉండాలి. ఖాళీ లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, సన్న రంధ్రం మూసుకునే ఉంటుంది, ఫలితం పైన చెప్పినదే. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. ఆయిల్ పోశాక మూత తీసి ఉంచి, ఇంకొకరిని పెడల్ కొద్దిగా తొక్కమనండి. రిజర్వాయర్‌లో ఆయిల్ చిన్నగా ఎగజిమ్మితే రంధ్రం తెరుచుకునే ఉన్నట్టు. ముఖం దూరంగా పెట్టి, కళ్లద్దాలు పెట్టుకునే చూడండి.

అయిదో మెట్టు: షూలు, లైనింగు, డ్రమ్ము, చేతి బ్రేకు

లైనింగ్ మీద బ్రేకు ఆయిల్ గానీ గేర్ ఆయిల్ గానీ ఇంకి ఉంటే కడిగినా లాభం లేదు, మార్చాలి. రివిట్ల తలలు లైనింగ్ పైభాగానికి దగ్గరపడితే కూడా మార్చాలి. ఎప్పుడూ ఒక యాక్సిల్‌కి రెండు వైపులా కలిపి మార్చండి. ఒకవైపే మారిస్తే బండి పక్కకి లాగుతుంది. పాత షూలకు లైనింగ్ కొట్టించుకునే షాపులు ఆటోనగర్ ఉన్న ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఆస్‌బెస్టాస్ లేని రకమే అడిగి వేయించుకోండి.

వెనక చక్రాల్లో గేర్ ఆయిల్ తడి కనిపిస్తే యాక్సిల్ ఆయిల్ సీల్ పోయినట్టు. ముందు అది మార్చకుండా కొత్త షూలు బిగిస్తే వారంలో అవీ తడుస్తాయి.

డ్రమ్ము లోపల పలచటి తుప్పు కాగితంతో పోతుంది. గాట్లు పడి ఉంటే, గుండ్రం తప్పి ఉంటే లేత్ మీద స్కిమ్మింగ్ చేయించాలి, అంటే పైపొర పలచగా కోయించాలి. కంపెనీ చెప్పిన గరిష్ఠ వ్యాసం దాటి కోయనివ్వొద్దు. పలచబడిన డ్రమ్ము త్వరగా వేడెక్కుతుంది, పగలవచ్చు కూడా.

చేతి బ్రేకు కేబుల్ తొడుగులోపల తుప్పు పట్టి బిగుసుకుని ఉంటుంది. తేలిగ్గా జారకపోతే కొత్తది వేయండి. ముందే చెప్పినట్టు, ఒకటే ఆయిల్ దారి ఉన్న బండికి అదే ఆఖరి ఆసరా.

ఆరో మెట్టు: ఏ ఆయిల్ పోయాలి

డాట్ 3 గానీ డాట్ 4 గానీ పోయండి. ఇవి రెండూ ఒకే జాతి. డాట్ 5 అని వచ్చేది సిలికాన్ రకం. అది తేమ పీల్చదు, రంగు పాడుచేయదు కాబట్టి ప్రదర్శన బండ్లవాళ్లు కొందరు ఇష్టపడతారు. కానీ గ్లైకాల్‌తో కలవదు. అది వాడాలంటే లోపలి ప్రతి చుక్క పాత ఆయిలూ పోయి, రబ్బర్లన్నీ కొత్తవై ఉండాలి. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా అది మళ్లీ గ్లైకాలే. మన రోడ్ల మీద, మన మెకానిక్‌ల చేతుల్లో తిరిగే బండికి డాట్ 4 చాలు. రేపు ఎక్కడో ఆగితే పక్క షాపులో దొరికేది కూడా అదే.

సీలు తీయని సీసా మాత్రమే వాడండి. పోయేటప్పుడు బండి మడ్‌గార్డుల మీద పాత దుప్పటి కప్పండి. చుక్క పడితే పెయింటు లేచిపోతుంది. పడితే రుద్దకుండా వెంటనే నీళ్లు పోసి కడిగేయండి. బయటికి తీసిన పాత ఆయిల్‌ని కాలవలో గానీ మట్టిలో గానీ పోయొద్దు. సీసాలో పట్టి, వాడిన ఇంజిన్ ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో ఇవ్వండి.

ఏడో మెట్టు: గాలి తీయడం

బ్లీడింగ్‌కి, అంటే ఆయిల్ దారిలోని గాలి తీయడానికి, ముందు ఒక పని చేస్తే సగం శ్రమ తగ్గుతుంది. నాలుగు చక్రాల అడ్జస్టర్లనూ బిగించి షూలు డ్రమ్ముకు ఆనేలా చేయండి. పిస్టన్లు ఎక్కువ దూరం కదలనవసరం లేదు కాబట్టి గాలి త్వరగా వస్తుంది.

మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. కుడి స్టీరింగ్ ఉన్న మన బండ్లకు సాధారణంగా ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు, ఇదీ వరస. బ్లీడర్‌కి (వదులు చేస్తే గాలి, ఆయిల్ బయటికి వచ్చే చిన్న మరకి) సన్న గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో కొంచెం పోసిన కొత్త ఆయిల్‌లో మునిగి ఉండేలా పెట్టండి.

మా బండికి పెడల్ తొక్కింది మా మేనల్లుడు, ఇంటర్ చదువుతున్నాడు. వాడికి మూడే మాటలు నేర్పాను. "తొక్కు" అంటే నెమ్మదిగా తొక్కాలి. "పట్టు" అంటే అలాగే నొక్కి ఉంచాలి. నేను బ్లీడర్ పావు చుట్టు వదులు చేస్తే ఆయిల్, బుడగలు సీసాలోకి వస్తాయి, వాడి కాలు కిందికి దిగుతుంది. అప్పుడు వాడు కాలు తీయకూడదు. నేను బ్లీడర్ బిగించి "వదులు" అన్నాకే తీయాలి. మొదటి చక్రం దగ్గర ఒకసారి ముందే తీసేశాడు. సీసాలోని గొట్టం కొస అప్పుడే పైకి తేలి ఉండడంతో గాలి మళ్లీ లోపలికి పోయింది, మొదటినుంచి చేయాల్సి వచ్చింది. "మావయ్యా, ఇక నువ్వు చెప్పేదాకా కాలు ఇక్కడే అతికించుకుంటా" అన్నాడు. తర్వాత ఒక్కసారి కూడా తప్పలేదు.

నాలుగైదు తొక్కులకు ఒకసారి రిజర్వాయర్ చూడాలి. అది ఖాళీ అయితే గాలి పై నుంచే దిగుతుంది. మొదట గోధుమరంగు, తర్వాత పలచటి పసుపు, చివరికి బుడగలు లేని కొత్త ఆయిల్ రంగు వచ్చాక ఆ చక్రం పూర్తయినట్టు. సీసాలోకి వచ్చిన ఆయిల్‌ని మళ్లీ పైన పోయొద్దు.

మాస్టర్ సిలిండర్ విప్పకుండా ఆయిల్ ఒక్కటే మారుస్తున్నవాళ్లకు ఒక జాగ్రత్త. పెడల్ నేలదాకా తొక్కితే కప్పు ఎన్నేళ్లుగానో తగలని తుప్పు భాగం మీదికి వెళ్లి చిరుగుతుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి.

పూర్తయ్యాక ప్రతి అడ్జస్టర్‌నీ చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగేంతవరకు మాత్రమే వదులు చేయండి. షూలు సర్దుకోవడానికి పెడల్ రెండుమూడుసార్లు తొక్కి మళ్లీ చూడండి. చేతి బ్రేకు కేబుల్ సరిచేయడం దీని తర్వాతే.

ఎనిమిదో మెట్టు: పరీక్ష

చక్రాలు బిగించక ముందే, పెడల్ బలమంతా పెట్టి తొక్కి ఒక నిమిషం పట్టి ఉంచండి. పెడల్ కొద్దికొద్దిగా కిందికి జారితే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ కప్పు లోపలే ఒత్తిడి వదిలేస్తోంది. స్పాంజిలా ఉంటే ఇంకా గాలి ఉంది. ప్రతి జాయింటునూ పొడి టిష్యూతో తుడిచి తడి చూడండి. రాత్రికి నాలుగు చక్రాల కింద దినపత్రిక పరిచి ఉంచండి. పొద్దున్నే ఒక్క మరక కూడా ఉండకూడదు.

తర్వాత ఆవరణలోనే, నడక వేగంతో. ఒక చెయ్యి చేతి బ్రేకు దగ్గర. అక్కడ నమ్మకం కుదిరాక ఎవరూ లేని ఖాళీ స్థలంలో 20, ఆపైన 40 కిలోమీటర్ల వేగం. బండి ఎడమకు లాగితే కుడివైపు ముందు బ్రేకు సరిగా పట్టడం లేదని అనుమానించండి. లైనింగ్ తడి, అడ్జస్ట్‌మెంట్, బిగుసుకున్న పిస్టన్, ఈ వరసలో వెతకండి. ఆపి దిగాక ప్రతి డ్రమ్ము దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా. నాలుగూ ఇంచుమించు ఒకే వేడి ఉండాలి. ఒకటే కాలిపోతోందంటే అది వదలడం లేదు, మా బండిలో జరిగినట్టు.

కొత్త లైనింగ్ డ్రమ్ముకు సరిగ్గా కూర్చోవడానికి పదిహేను ఇరవైసార్లు మధ్యస్థంగా బ్రేకు వేస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ నడపండి. అప్పటిదాకా బ్రేకులు కొంచెం బలహీనంగానే ఉంటాయి.

ఊరి రోడ్డు ఎక్కేముందు కాగితాలు చూసుకోండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. అలా నమోదైన బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతు లాంటి పనులకే రోడ్డు మీదికి తేవాలి, రోజువారీ వాడకానికి కాదు.

మొదటి 100 కిలోమీటర్ల తర్వాత, మళ్లీ 500 తర్వాత అడ్జస్టర్లు చూసి బిగించండి, ఆయిల్ మట్టం చూడండి. తర్వాత రెండేళ్లకొకసారి ఆయిల్ మొత్తం మార్చాలి. తీరం దగ్గర ఉన్నవాళ్లు ఏడాదికొకసారి మార్చినా తప్పులేదు. బండి మళ్లీ షెడ్డులోకే వెళ్తుందనుకుంటే చేతి బ్రేకు వేసి ఉంచకండి, షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. గేరులో పెట్టి, చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టండి. నెలకొకసారి ఎవరైనా వెళ్లి పెడల్ పదిసార్లు తొక్కి, బండిని నాలుగు అడుగులు ముందుకీ వెనక్కీ తోయాలి. మా ఇంట్లో ఆ పని ఇప్పుడు మేనల్లుడిది. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున్నే షెడ్డు తాళం చెవి అడుగుతాడు.